వంటింటి ప్రశ్నలు: కుస్‌కుస్ ముద్ద కాకుండా వండుకోవడం ఎలా?

ఈ శీర్షికకు ఇటీవల వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఒకే వంటకం గురించి ఉన్నాయి. గల్ఫ్ నుంచి సెలవు మీద ఇంటికి వచ్చేవారి పెట్టెల్లో ఖర్జూరాలు, పాలపొడి డబ్బాల పక్కన ఇప్పుడు కుస్‌కుస్ ప్యాకెట్లు కూడా కనిపిస్తున్నాయి. వండే పద్ధతి మాత్రం ప్యాకెట్‌తో పాటు రావడం లేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క వంటకానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నమస్కారమండి. మా మరిది దుబాయిలో పనిచేస్తాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు కుస్‌కుస్ ప్యాకెట్లు తెచ్చాడు. అతని గదిలో ఉండే మొరాకో అతను శుక్రవారం నాడు మాంసం, కూరగాయలు వేసి దీన్ని వండుతాడట. మా మరిదికి అది చాలా ఇష్టం. నేను ఉప్మా చేసినట్టే ఒకటికి రెండున్నర నీళ్లు మరిగించి, అందులో పోసి కలిపాను. మొదట జావలా అయింది, చల్లారాక ముద్ద కట్టింది. పక్కన చేసిన మటన్ కూర బాగానే కుదిరింది కానీ రెండూ కలవలేదు. ఇంకో ప్యాకెట్ మిగిలి ఉంది. అత్తమ్మ, మామయ్యలతో కలిపి మేము ఎనిమిది మందిమి. ఈ ఆదివారం సరిగ్గా వండాలంటే ఏం చేయాలి?
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: మీ చేతిలో లోపం లేదు, ఆ గింజ స్వభావం మీకు ఎవరూ చెప్పలేదు. ఉప్మా రవ్వ అంటే మర పట్టినప్పుడు విరిగిన గోధుమ ముక్క. కుస్‌కుస్ ముక్క కాదు. గట్టి గోధుమ రవ్వ మీద ఉప్పునీళ్లు చిలకరించి, సన్నని పిండి చల్లి, అరచేతితో గుండ్రంగా తిప్పుతూ చుట్టిన చిన్న గుళిక అది. పైగా ప్యాకెట్లలో అమ్మే కుస్‌కుస్‌ను ఫ్యాక్టరీలోనే ఆవిరి మీద ఉడికించి ఆరబెడతారు కాబట్టి, మీ వంటింటికి చేరేసరికే అది చాలావరకు ఉడికి ఉంటుంది. అలాంటి గుళికను రెండున్నర రెట్ల మరిగే నీళ్లలో పోసి గరిటె తిప్పితే, చుట్టిన చుట్టు విడిపోయి మళ్లీ పిండిగా మారుతుంది. మీకు జావ వచ్చింది అందుకే.

రెండూ కలవలేదన్న మీ మాట మరీ ముఖ్యమైనది. మొరాకో, అల్జీరియా, ట్యునీషియా దేశాల ఇళ్లలో కుస్‌కుస్‌నూ కూరనూ వేరువేరుగా వండరు. కింది గిన్నెలో మాంసం, కూరగాయలు షోర్వాలో ఉడుకుతుంటాయి. దాని మీద అడుగున చిల్లులున్న మరో గిన్నె కూర్చుంటుంది, అందులో కుస్‌కుస్ ఉంటుంది. కింద మరుగుతున్న షోర్వా ఆవిరే పైన గింజను ఉడికిస్తుంది, మాంసం వాసననూ కూరగాయల తీపినీ దానికి అంటిస్తుంది. ఈ వంటకం అంతా ఆ ఆవిరిలోనే ఉంది. నీళ్లలో వండిన కుస్‌కుస్ పక్కన ఎంత మంచి కూర పెట్టినా ఆ రుచి రాదు. ఇది ఈ మధ్య పుట్టిన పద్ధతి కాదు, 13వ శతాబ్దపు అండలూసియా (నేటి దక్షిణ స్పెయిన్) వంట గ్రంథాల్లోనే కుస్‌కుస్ వండే విధానాలు ఉన్నాయి. 2020 డిసెంబరులో అల్జీరియా, మారిటేనియా, మొరాకో, ట్యునీషియా దేశాలు కలిసి దీన్ని యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్పించుకున్నాయి.

ఇక వంట విషయానికి వద్దాం. ఎనిమిది మందికి 800 గ్రాముల కుస్‌కుస్ సరిపోతుంది. మాంసం ఒకటింబావు కిలో తీసుకోండి. అక్కడ ఎక్కువగా గొర్రె మాంసమే వాడతారు, మనకు అది కొరత కాదు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణదే. లేత గొర్రె మాంసం మేక మాంసం కంటే త్వరగా మెత్తబడుతుంది కనుక ఈ వంటకానికి అదే మేలు. భుజం ముక్కలు, కాలి ముక్కలు, రెండు మూడు నల్లి బొక్కలు పెద్దవిగా కొట్టించండి. చిన్న ముక్కలైతే గంటన్నర ఉడికేసరికి పీచులవుతాయి. కాబూలీ శనగలు 150 గ్రాములు ముందు రోజు రాత్రే నానబెట్టండి.

కూరగాయల్లో ఆరు క్యారెట్లు, చిన్న క్యాబేజీలో సగం, ముప్పావు కిలో పండిన గుమ్మడి, ఒక చిన్న సొరకాయ, రెండు వంకాయలు తీసుకోండి. అక్కడివారు తప్పకుండా వేసే షల్గం మన దగ్గర ఎప్పుడూ దొరకదు, దాని బదులు నూల్‌కోల్ వేయవచ్చు. ముల్లంగి వేస్తే ఒకటి చాలు, ఎక్కువైతే షోర్వా అంతా అదే వాసన వస్తుంది. మొరాకోలో ‘ఏడు కూరగాయల కుస్‌కుస్’ ప్రసిద్ధం కానీ ఏడు అనే లెక్కకు కట్టుబడి దొరకనిదాని కోసం తిరగనక్కరలేదు. అన్నింటినీ మాత్రం పెద్ద ముక్కలుగా తరగాలి. క్యారెట్‌ను నిలువుగా రెండు చీలికలు, గుమ్మడిని అరచేతి వెడల్పున తొక్కతోనే, క్యాబేజీని తొడిమ విడిపోకుండా నాలుగు భాగాలుగా కోయాలి. మనం కూరకు తరిగినట్టు సన్నగా తరిగితే అన్నీ కరిగి పప్పులా కలిసిపోతాయి.

మసాలా దగ్గర మన చేయి కాస్త ఆపుకోవాలి. ధనియాల పొడి, కొబ్బరి, గరం మసాలా ఏవీ వద్దు. చెంచాడు శొంఠి పొడి, చెంచాన్నర మిరియాల పొడి, చెంచాడు పసుపు, చిన్న దాల్చిన చెక్క, ఉంటే చిటికెడు కుంకుమపువ్వు, ఉప్పు – ఇంతే. కారం ఇష్టమైతే వరంగల్ చపాట మిర్చి పొడి రెండు చెంచాలు వేయండి. చపాటకు రంగు ఎక్కువ, మంట తక్కువ, అందువల్ల షోర్వా ఎర్రగా కనిపిస్తుంది గానీ కూరగాయల తీపి చెడదు. ఎనుమాముల మార్కెట్ మన పక్కనే ఉండగా ఈ వంటకానికి విదేశీ మిరపపొడి వెతుక్కోవలసిన పని లేదు.

పెద్ద గంజులో నాలుగు గరిటెల నూనె, చెంచాడు నెయ్యి వేడి చేసి, నిలువుగా కోసిన మూడు పెద్ద ఉల్లిగడ్డలు, మాంసం, మసాలాలన్నీ వేసి, మూత పెట్టి సన్నని మంట మీద పావుగంట మగ్గనివ్వండి. మాంసం నీరు విడిచి మళ్లీ పీల్చుకున్నాక మూడు టమాటలు తరిగి వేసి, నానిన శనగలు, దారంతో కట్టిన కొత్తిమీర కట్ట, మూడున్నర లీటర్ల నీళ్లు పోయండి. నీళ్లు ఎక్కువనిపిస్తుంది కానీ తగ్గించకండి. మన కూర చిక్కగా ఉంటేనే బాగుంటుంది, ఇది బొక్కల షోర్వా అంత పల్చగా ఉండాలి. కుక్కర్ వాడితే ఆవిరి అంతా ఈలలో పోతుంది, పైన గింజకు ఏమీ మిగలదు. గొర్రె మాంసం ముదురుగా ఉందనిపిస్తే ముందుగా రెండు ఈలలు రానిచ్చి, ఆ తర్వాత నీళ్లతో సహా గంజులోకి మార్చుకోవచ్చు.

పై గిన్నె సంగతి చెప్పాలి. అక్కడ దీని కోసమే చేసిన జంట పాత్ర ఉంటుంది. మనం గంజు మూతి మీద సరిగ్గా కూర్చునే స్టీలు చిల్లుల గిన్నె పెట్టుకుంటే చాలు. గిన్నె అడుగు షోర్వాకు తగలకూడదు. తగిలితే కింది గింజ ఉడికిన పిండి అవుతుంది. నేను మొదటిసారి ఇడ్లీ పాత్ర మీద చిల్లుల గిన్నె పెట్టి వండినప్పుడు నలభై నిమిషాలైనా పైన గింజ పొడిగానే ఉండిపోయింది. వంగి చూస్తే ఆవిరి మొత్తం రెండు గిన్నెల మధ్య సందులోంచి సర్రున బయటికి పోతోంది. బిర్యానీకి దమ్ పెట్టేటప్పుడు మూత చుట్టూ పిండిముద్ద పెడతాం కదా, అదే ఇక్కడా చేయాలి. జానెడు వెడల్పున్న పాత నూలు పంచె ముక్కను మైదా కలిపిన నీళ్లలో ముంచి, గట్టిగా పిండేసి, సందు చుట్టూ బిగించి కట్టండి. రెండు నిమిషాల్లో ఆ బట్ట వేడికి ఆరి అతుక్కుపోతుంది. ఇక ఆవిరికి గింజల మధ్య నుంచి తప్ప వేరే దారి ఉండదు. మొరాకో, అల్జీరియా ఇళ్లలో కూడా ఇదే చేస్తారు.

షోర్వా ముప్పావుగంట మరిగాక కుస్‌కుస్ పని మొదలుపెట్టండి. పెద్ద తాంబాళంలో కుస్‌కుస్ పోసి, రెండు చెంచాల నూనె వేసి, రెండు అరచేతుల మధ్య రుద్దుతూ ప్రతి గింజకూ నూనె అంటించండి. తర్వాత గ్లాసుడు చన్నీళ్లు వేళ్లతో చిలకరిస్తూ మళ్లీ రుద్ది, పది నిమిషాలు వదిలేయండి. గింజ కాస్త ఉబ్బుతుంది. దాన్ని చిల్లుల గిన్నెలోకి వదులుగా రాల్చాలి, అదమకూడదు. చిల్లులు మరీ పెద్దవైతే అడుగున పల్చని బట్ట వేయండి. మామూలు చిల్లుల్లోంచి తడిసిన గింజ జారదు. మూత పెట్టకండి. మూత కింద చేరిన ఆవిరి చుక్కలై రాలితే పైన గడ్డలు కడతాయి. గింజల పైనుంచి ఆవిరి లేవడం కనిపించిన క్షణం నుంచి పావుగంట లెక్కపెట్టండి.

అప్పుడు గిన్నె దించి తాంబాళంలో బోర్లించండి. అది ఒకే ముద్దలా పడుతుంది, కంగారు పడవద్దు. గరిటె అంచుతో విడదీసి, ఒకటిన్నర గ్లాసు ఉప్పునీళ్లు కొంచెం కొంచెంగా చల్లి, చేయి కాలకుండా ఉన్నప్పుడు వేళ్లతో ఒక్కొక్క గడ్డనూ నలపండి. ఈ పని ఓపికతో చేస్తేనే మీ మొదటిసారి సమస్య పోతుంది. చెంచా వెన్న గానీ నెయ్యి గానీ అరచేతికి రాసుకుంటే గింజలు చేతికి అంటవు. ఇదే సమయంలో కింద షోర్వాలోకి క్యారెట్, నూల్‌కోల్, క్యాబేజీ వేసి, గిన్నె మళ్లీ పైన పెట్టి, సందు మూసి, ఇంకో పావుగంట ఆవిరి పట్టండి. మళ్లీ దించి, గ్లాసుడు నీళ్లతో అదే పని చేసి, కింద గుమ్మడి, సొరకాయ, వంకాయ వేసి, మూడోసారి పావుగంట ఉడికించండి. పచ్చి కుస్‌కుస్‌కు ఈ మూడు ఆవిర్లూ తప్పనిసరి. ప్యాకెట్‌లోనిదానికి రెండు చాలని కొందరంటారు కానీ, మూడోది పెడితే గింజ తేలికవుతుందని నా అనుభవం.

ఉడికిందో లేదో తెలియాలంటే నాలుగు గింజలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కండి. మెత్తగా అణిగిపోవాలి, మధ్యలో తెల్లటి పొడి చుక్క కనిపించకూడదు, వేలు తీసినప్పుడు జిగురు సాగకూడదు. చుక్క కనిపిస్తే కాస్త నీళ్లు చల్లి ఇంకో పది నిమిషాలు పెట్టండి. జిగురు వస్తే నీళ్లు ఎక్కువయ్యాయని గుర్తు. అప్పుడు తాంబాళంలో పలచగా పరిచి కాసేపు గాలికి వదిలేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

అంత సమయం లేని రోజు ప్యాకెట్ పద్ధతి కూడా ఉంది. కప్పు కుస్‌కుస్‌కు కప్పు మరిగే షోర్వా పోసి, మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలేసి, ముళ్ల చెంచాతో విడదీయాలి. గరిటెతో కలపకూడదు, పొయ్యి మీద ఉంచకూడదు. నీళ్ల బదులు షోర్వా పోయడం వల్ల రుచి కొంత నిలుస్తుంది. ఆదివారం మీకు సమయం ఉంటుంది కాబట్టి ఆవిరి పద్ధతినే పట్టుకోమని నా సలహా.

ప్రశ్న: వరంగల్‌లో రెండు మూడు దుకాణాల్లో కుస్‌కుస్ అడిగితే ఒకచోట లేదన్నారు, ఇంకోచోట గసగసాలు చేతిలో పెట్టారు. రెండూ ఒకటేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, జనగామ

జవాబు: కాదండి. ఉర్దూలో, హిందీలో గసగసాలను ఖస్‌ఖస్ అంటారు. మన ప్రాంతంలో దుకాణదారులు చాలామంది ఆ భాషలకు అలవాటుపడినవారు కనుక కుస్‌కుస్ అన్న మాట వారికి అలాగే వినిపిస్తుంది. గసగసాలు నల్లమందు మొక్క గింజలు, మసాలాల్లో నూరడానికి వాడతాం. కుస్‌కుస్ గోధుమ. ఖస్ అని వట్టివేరును కూడా అంటారు కాబట్టి గందరగోళం ఇంకా పెరుగుతుంది. దుకాణంలో “గోధుమ రవ్వతో చేసిన అరబ్బుల కుస్‌కుస్” అని విడమరిచి అడగండి, దొరికితే పెద్ద సూపర్‌మార్కెట్లలోనే దొరుకుతుంది.

ఈ సందర్భంలో గల్ఫ్‌కు పిల్లలను పంపే తల్లిదండ్రులకు ఒక మాట చెప్పాలి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో గసగసాలు నిషిద్ధ వస్తువు. ఇంటి మసాలా పొడిలో కలిపి పంపినా విమానాశ్రయంలో చిక్కులు వస్తాయి. పెట్టె సర్దేటప్పుడు మసాలా డబ్బాలో గసగసాలు లేవని ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ప్రశ్న: ప్యాకెట్ దొరకని ఊళ్లో ఉన్నాం. కుస్‌కుస్‌ను ఇంట్లోనే బొంబాయి రవ్వతో చేసుకోవచ్చా? మా నాయనమ్మ జొన్నలతో చేయమంటోంది, కుదురుతుందా?
– డిగ్రీ విద్యార్థిని, మహబూబాబాద్ జిల్లా

జవాబు: రవ్వతో తప్పకుండా చేసుకోవచ్చు. అసలైన కుస్‌కుస్‌కు వాడేది గట్టి గోధుమ. మన దేశంలో అది ఎక్కువగా మధ్య భారతంలో పండుతుంది. పసుపు ఛాయ ఉన్న బన్సీ రవ్వ దొరికితే అది వాడండి, లేకపోతే మామూలు రవ్వతోనూ అవుతుంది గానీ గింజ కాస్త మెత్తగా ఉంటుంది. అరకిలో రవ్వను పెద్ద తాంబాళంలో పరిచి, చెంచాడు ఉప్పు కలిపిన నీళ్లను వేళ్లతో చిలకరిస్తూ, అరచేయి చాచి రవ్వ మీద ఒకే దిశలో గుండ్రంగా తిప్పండి. రవ్వ ఒకదానికొకటి అంటుకుని చిన్న గుళికలవుతుంటే గోధుమపిండి కొంచెం చల్లి మళ్లీ తిప్పండి. అలా నీళ్లు, పిండి మార్చి మార్చి వేస్తూ ఉండాలి. గుళికలు ఆవగింజ సైజుకు వచ్చాక జల్లెడ పట్టి, పెద్దవాటిని వేళ్లతో నలిపి, మరీ సన్నటివాటిని మళ్లీ తాంబాళంలోకి తెచ్చి తిప్పండి. మొదటి అరగంట ఏమీ రానట్టే ఉంటుంది, ఆ తర్వాత చేతికి లెక్క దొరుకుతుంది.

నిల్వ చేసుకోవాలంటే చుట్టిన వెంటనే ఇరవై నిమిషాలు ఆవిరి పట్టి, విడదీసి, పల్చని బట్ట మీద ఎండలో గలగలమనేదాకా ఆరబెట్టండి. తడి మిగిలితే బూజు పడుతుంది. ఉత్తర ఆఫ్రికా పల్లెల్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఒకచోట చేరి పాటలు పాడుకుంటూ ఎన్నో నెలలకు సరిపడా కుస్‌కుస్ చుట్టుకుంటారు. సంక్రాంతికి మన వాకిళ్లలో సకినాలు చుట్టే తీరు చూసినవారికి ఆ దృశ్యం కొత్తగా అనిపించదు. మీ నాయనమ్మ సకినాలు చుట్టే మనిషి అయితే ఈ పని ఆమె చేతికి మీకంటే ముందే పట్టుబడుతుంది.

జొన్నల గురించి ఆమె చెప్పినదాంట్లో చాలా నిజం ఉంది. కుస్‌కుస్ అంటే గోధుమే అన్న నియమం ఆఫ్రికాలోనే లేదు. మొరాకోలో బార్లీతోనూ చేస్తారు, సెనెగల్ వంటి పశ్చిమ ఆఫ్రికా దేశాల్లో సజ్జలతో చేస్తారు. అయితే జొన్నకూ సజ్జకూ గోధుమకున్న జిగట ఉండదు, గుళిక త్వరగా విరిగిపోతుంది. సెనెగల్‌లో ఆ లోటు తీర్చడానికి బావోబాబ్ చెట్టు ఆకుల పొడి కలుపుతారు (గోల్కొండ కోట దగ్గర ఉన్న ఏనుగంత లావు చెట్టు ఆ జాతిదే). మీరు మొదటి ప్రయత్నంలో మూడు వంతుల జొన్నపిండికి ఒక వంతు గోధుమపిండి కలిపి చుట్టండి. జొన్న గింజకు నీళ్లు కొంచెం ఎక్కువ పడతాయి, మూడు ఆవిర్లూ ఇరవై నిమిషాల చొప్పున ఇవ్వాలి. రుచి గట్కకు దగ్గరగా ఉంటుంది. గొర్రె మాంసపు షోర్వాతో అది ఎంత బాగుంటుందో తిన్నాకే తెలుస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో మాంసం కంటే చేపలు ఎక్కువ తింటాం. గోదావరి పక్కనే ఉన్నాం. చేపతో కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: కుదురుతుంది. ట్యునీషియా తీరప్రాంతాల్లోనూ, ఇటలీలోని సిసిలీ దీవిలోనూ చేపల కుస్‌కుస్ పేరున్న వంటకం. ముల్లు తక్కువగా ఉండే కొర్రమీను మీకు తగినది. తేడా ఒక్కటే: చేపను గంటసేపు మరిగించలేం. కాబట్టి తల, తోక, ముల్లులతో ముందుగా షోర్వా కాచి వడకట్టి, దాని ఆవిరి మీద కుస్‌కుస్ ఉడికించి, చేప ముక్కలను ఆఖరి పదిహేను నిమిషాలకే వేయండి. ఇక్కడ చపాట మిర్చి, ఎల్లిగడ్డ, జీలకర్ర, టమాట ఎక్కువ వేయవచ్చు. ట్యునీషియావాళ్లు కారం బాగానే తింటారు, వాళ్ల హరీసా అనే ఎండుమిర్చి ముద్ద మన ఎల్లిపాయ కారానికి దగ్గర చుట్టం. క్యాబేజీ మాత్రం చేపతో వద్దు.

ప్రశ్న: మా బాపుకు షుగర్ ఉంది. అన్నం తగ్గించమన్నారని కుస్‌కుస్ పెడదామనుకుంటున్నాం. మంచిదేనా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: కుస్‌కుస్ గోధుమ రవ్వే. అన్నానికి బదులుగా అంతే పరిమాణంలో పెడితే పెద్ద తేడా ఉండదు. ఈ వంటకంలో మేలు చేసేవి శనగలు, కూరగాయలు. పళ్లెంలో వాటి భాగం సగానికి పైగా ఉండేలా, కుస్‌కుస్ గుప్పెడు ఉండేలా వడ్డించండి, ఎంత తినవచ్చో వారి డాక్టరును అడిగి నిర్ణయించుకోండి. గోధుమ పడనివారు దీన్ని అసలు ముట్టకూడదు.

ప్రశ్న: వడ్డించే పద్ధతి చెప్పండి. నేను సౌదీలో పదేళ్లు ఉన్నాను. ఒకసారి అల్జీరియా స్నేహితుడు అందరికీ ఒకే పెద్ద పళ్లెంలో పెట్టాడు. అదే సంప్రదాయమా? మిగిలినది మరుసటి రోజుకు పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్ జిల్లా

జవాబు: అదే సంప్రదాయం. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక ఇంటిల్లిపాదీ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తినడం అక్కడి చాలా ఇళ్లలో ఆనవాయితీ. వెడల్పాటి పళ్లెంలో కుస్‌కుస్‌ను గుట్టగా పోసి, రెండు మూడు గరిటెల షోర్వా చల్లి, అది పీల్చుకునేదాకా ఆగి, మధ్యలో గుంత చేసి మాంసం పెట్టి, దాని చుట్టూ కూరగాయలను నిలువుగా ఆనించాలి. గుమ్మడి చివర్లో పెట్టండి, త్వరగా విరుగుతుంది. మిగిలిన షోర్వాను వేరే గిన్నెలో పక్కన ఉంచితే ఎవరికి కావలసినంత వారు పోసుకుంటారు. ఒకేసారి అంతా పోస్తే మళ్లీ ముద్దే అవుతుంది.

ఎవరు ఎటు కూర్చుంటే వారు తమ ముందున్న భాగమే తినాలి, చేయి పళ్లెం అవతలికి చాచకూడదన్నది అక్కడి మర్యాద. చెంచాతో తినేవారున్నారు, మనలాగే చేత్తో ముద్ద చేసుకుని తినేవారూ ఉన్నారు. వాళ్లు అరచేతిలో గింజలను ఎగరేస్తున్నట్టు దొర్లించి గుండ్రటి ఉండ చేస్తారు, మనకు అంత సులభంగా రాదు. అందరూ ఒకే పళ్లెంలో తినే అలవాటు లేని ఇంట్లో విడివిడి పళ్లేల్లో పెట్టినా వంటకానికి లోటు లేదు. తోడుగా మొరాకోలో మజ్జిగ తాగుతారు, మనకు ఆ కొరత ఎప్పుడూ ఉండదు. ఉల్లిగడ్డలను నెయ్యిలో సన్నని మంట మీద ఎర్రగా వేయించి, గుప్పెడు కిస్‌మిస్, కాస్త దాల్చిన పొడి, చక్కెర వేసి మగ్గించి పైన పరిస్తే పండగ వంట అవుతుంది, పిల్లలు దాని కోసమే వస్తారు.

మిగిలిన కుస్‌కుస్‌ను షోర్వాతో కలిపి ఉంచకండి. విడిగా మూత పెట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండో రోజుకు బాగానే ఉంటుంది. తినేముందు వేళ్లతో విడదీసి, నాలుగు చుక్కల నీళ్లు చల్లి, పది నిమిషాలు మళ్లీ ఆవిరి పట్టండి. షోర్వా కూడా మిగిలితే అందులో ముందు రోజు తొక్కతో వేసిన గుమ్మడి ముక్కను మెదిపి కాచండి, చిక్కబడుతుంది. షోర్వా చల్లకుండా విడిగా తీసి ఉంచుకున్న కుస్‌కుస్ ఉంటే మాత్రం వేడి చేశాక వెన్న, పొడి చక్కెర, దాల్చిన పొడి, వేయించిన బాదం పలుకులు చల్లి పిల్లలకు పెట్టవచ్చు. మొరాకోలో ఈ తీపి కుస్‌కుస్‌ను సఫ్ఫా అంటారు. దాన్ని వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే వెన్న గడ్డకట్టి నోటికి అంటుతుంది.